మీవాడేనా?

డ్రైవర్ల విశ్రాంతి గది నుంచి

అక్కా,

క్షేమ సమాచారాలు ముందు అడిగితే నువ్వు మిగతాది చదవకుండానే జవాబు రాసేస్తావు. అందుకే విశేషం ముందు చెబుతున్నాను. నాకు ఎక్స్‌ప్రెస్ ఇచ్చారు. పాసింజరు బండితో నా సంసారం ఈ నెలాఖరుతో సరి. చెట్టుకీ పుట్టకీ ఆగుతూ, కోళ్ళ గంపలు ఎక్కేదాకా కాచుకుంటూ నడిపిన బండి. పోతోందంటే కొంచెం బెంగగానే ఉంది గాని నీకు అబద్ధం ఎందుకు, ఆనందమే ఎక్కువ.

బావకి నెమ్మదిగా చెప్పు. ఒక్కసారిగా చెబితే బాగుచేస్తున్న సైకిలు కింద పడతాడు. "రైలు డ్రైవరుదేముందోయ్, దారి పట్టాలే చూపిస్తాయి, నువ్వు కూర్చోవడమేగా" అని నన్ను ఎన్నిసార్లు ఏడిపించాడు! పట్టాల మీద కూర్చునేవాడికి కూడా ఇప్పుడు జీతం పెరిగిందని చెప్పు.

వచ్చే నెల ఒకటో తారీకు నుంచి కొత్త బండి. సాయంత్రం మన పాసింజరు కంటే కాస్త ముందే మీ గేటు దాటుతుంది. మీ స్టేషన్లో ఆగదు కాబట్టి వేగంగానే పోతుంది. అయినా నీ కూత నీకు ఉంటుంది, దిగులు పడకు. చిన్నప్పుడు తలుపు కొట్టినట్టే: టక్, టక్, ఆ తర్వాత "అక్కా..." అని ఒక పొడుగు అరుపు. గేటు ముందు ఈల బోర్డు నుంచి ఆపకుండా పొడుగ్గా కూత వెయ్యాలని రూలు. నేను వేసేది పొడుగే, ముందు రెండు చిన్న ముక్కలు తగిలిస్తాను, అంతే. దానికెవరు అభ్యంతరం చెబుతారు?

చొక్కా ఒకటి కుట్టి పెట్టు. ఎక్స్‌ప్రెస్ డ్రైవరుకి జేబు కాస్త పెద్దదిగా ఉండాలి.

నీ తమ్ముడు


గేటు పక్క కుట్టుకొట్టు నుంచి

చిరంజీవి ఎక్స్‌ప్రెస్ డ్రైవరు గారికి,

మీ బావ సైకిలు కింద పడలేదు. కాని చేతిలో ఉన్న గాలి పంపు మాత్రం కాలి మీద వేసుకున్నాడు. తర్వాత వీధంతా తిరిగి తనకే ప్రమోషను వచ్చినట్టు చెప్పుకొచ్చాడు.

ఇక్కడ నీ కూతకి ఎంత పేరుందో నీకు తెలియదు. మా గేటు అంటే పేరుకే గేటు. తలుపూ లేదు, కాపలా మనిషీ లేడు. రెండు స్తంభాలూ, "ఆగి చూసి వెళ్ళండి" అనే బోర్డూ. ఆగొచ్చు గాని చూడ్డానికి ఏముంది? అటువైపు గోదాము గోడ అడ్డం. బండి ఆ మూల తిరిగితే గాని కనపడదు. అందుకే మా వీధివాళ్ళు కళ్ళతో కాదు, చెవులతో దాటుతారు. ఏ కూత ఏ బండిదో అందరికీ కంఠతా వచ్చు. ఎక్స్‌ప్రెస్ కూసిందా, ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు. నీ కూత వినపడిందా, ఎవరూ ఆగరు. నీ బండి స్టేషన్లో ఆగడానికి అప్పటికే నెమ్మదిస్తుంది కదా, ఈలోగా పిల్లల కోడి కూడా దాటెయ్యొచ్చు.

రొట్టెల బాబాయి అయితే మరీను. మూడు చక్రాల బండి నిండా రొట్టెలు పెట్టుకుని సరిగ్గా నీ వేళకే వస్తాడు. ఆయనకి చెవి కొంచెం మందం. నా కొట్టు ముందు ఆగి "అమ్మాయ్, మీవాడేనా?" అంటాడు. నేను మిషను మీంచి తల ఊపుతాను. వెళ్ళిపోతాడు. రోజూ ఇదే తంతు. ఒక్కోసారి నీ కూత వినపడకముందే అడుగుతాడు, నన్ను ఏడిపించడానికి. పోయేటప్పుడు ఒక రొట్టె ముక్క నా బల్ల మీద పెట్టి పోతాడు, తల ఊపినందుకు కూలి అని.

గేటుకి కాపలా మనిషిని పెట్టమని మీ బావా, బాబాయీ మళ్ళీ అర్జీ పెట్టారు. ఇంత తక్కువ బళ్ళు తిరిగే దారికి మనిషి ఎందుకన్నారట. నువ్వు ఒకటో తారీకున వచ్చేటప్పుడు ముందుగా రాయి. అందరికీ చెప్పి ఉంచుతాను, ఇక నీ కూత వింటే ఆగాలని.

చొక్కా కత్తిరించాను. జేబు పెద్దదే పెట్టాను, కాని అందులోకి వచ్చేది సగం నాకు పంపాలి.

అక్క


డ్రైవర్ల విశ్రాంతి గది నుంచి

అక్కా,

నాకేమీ కాలేదు. దెబ్బ కూడా లేదు. ముందు అది రాస్తున్నాను.

ఆ మనిషి ఎవరు? బతికే ఉన్నాడా? బండి చాలా దూరం పోయి ఆగింది. దిగి వెనక్కి పరిగెత్తబోతే నా అసిస్టెంటు పట్టుకున్నాడు, ఇంజను వదలకూడదు కదా. గార్డు వచ్చి "ప్రాణం ఉంది, తీసుకుపోతున్నారు" అన్నాడు. అంతకన్నా ఎవరూ ఏమీ చెప్పడం లేదు.

బోర్డు దగ్గర్నుంచి కూత వేశాను. అది ఇంజన్లోని యంత్రంలో నమోదయింది కూడా. గోదాము మూల తిరిగేసరికి మూడు చక్రాల బండి పట్టాల మధ్య ఉంది. బ్రేకు వేశాను. ఎక్స్‌ప్రెస్ బ్రేకు వెయ్యగానే ఆగుతుందా? ఆయన నా వైపు చూడనే లేదక్కా. తొందరపడలేదు. భయం లేదు. ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోతున్నట్టు నడుస్తున్నాడు. నాకు అదే అర్థం కావడం లేదు.

నువ్వు ఆ సమయానికి కొట్లో ఉన్నావా? ఏమైనా చూశావా? రాయి.

తమ్ముడు


గేటు పక్క కుట్టుకొట్టు నుంచి

తమ్ముడికి,

ఆయన రొట్టెల బాబాయి. బతికాడు. ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఆసుపత్రిలో ఉన్నాడు, పిన్ని దగ్గరుంది. రొట్టెలన్నీ కంకర మీద పడ్డాయి. ఎవరూ ముట్టుకోలేదు, కాకులు కూడా సాయంత్రం దాకా రాలేదు.

నేను కొట్లోనే ఉన్నాను. మిషను మీద పనిలో ఉండి ఏమీ చూడలేదు. విచారణకి వచ్చినవాళ్ళకీ అదే చెప్పాను.

నీ ఆరోగ్యం జాగ్రత్త. వేళకి తిను.

అక్క

*బామ్మర్దీ, ఇది మీ అక్క చూడకుండా కింద రాస్తున్నాను. నిన్ను వేళకి తినమన్న మనిషి తను తినడం మానేసింది. మిషను మీద కూర్చుంటుంది, తొక్కదు. నీ చొక్కాకి జేబు ఊడదీసింది, మళ్ళీ కుట్టింది, మళ్ళీ ఊడదీసింది. నిన్న నేను మామూలుగా "పాపం, ఎవరి మాట విని వెళ్ళాడో" అన్నాను. చేతిలో కత్తెర కింద పడేసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నాకు. ఏమిటో నీకైనా చెప్పిందా? — బావ*


డ్రైవర్ల విశ్రాంతి గది నుంచి

అక్కా,

విచారణ అయిపోయింది. నా తప్పేమీ లేదని తేల్చారు. వేగం సరిగ్గా ఉంది, కూత వేశాను, బ్రేకు వేశాను. "రోడ్డు దాటిన వ్యక్తి అజాగ్రత్త" అని రాశారు. బండికి అడ్డం వచ్చినందుకు బాబాయి మీదే కేసు పెడుతున్నారు. దాటినవాడిదే తప్పయినప్పుడు గేటుకి మనిషి అవసరం లేదని కూడా రాశారట. ఇక్కడ తోటి డ్రైవర్లు భుజం తట్టి టీ ఇప్పించమన్నారు. ఇప్పించాను. నేనూ తాగాను.

కిందటి ఉత్తరంలో కూత వేశానని రాశాను. ఏ కూతో రాయలేదు.

ఆ రోజు ఎక్స్‌ప్రెస్ డ్రైవరుకి జ్వరం వస్తే, ఒకటో తారీకు రాకముందే నన్ను పంపారు. నీకు రాసే వ్యవధి లేదు. నిజం చెప్పాలంటే, ఉన్నా రాసేవాణ్ణి కాదు. నువ్వు మిషను మీద ఉండగా మన కూత వినిపించి, నువ్వు తలెత్తేసరికి పాసింజరుకి బదులు ఎక్స్‌ప్రెస్ సర్రున పోతుంటే నీ మొహం ఎలా ఉంటుందో అనుకుని బోర్డు దగ్గర్నుంచే నవ్వుకుంటున్నాను. రెండు చిన్నవి, ఒక పొడుగు. వేశాను. నీ ఉత్తరం నా పెట్టెలోనే ఉంది, నా కూత వింటే ఎవరూ ఆగరని నువ్వు రాసింది. చదివి పొంగిపోయానే గాని, అందులో ఏముందో బుర్రకెక్కలేదు.

యంత్రం నేను ఎంతసేపు కూత వేశానో చూపించింది. రెండు ముక్కలు ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. చెబితే ఇంజను ఎక్కనివ్వరక్కా. ఈ పని తప్ప నాకు ఇంకోటి చేతకాదు.

తాటిచెట్టు ఎందుకు ఎక్కావంటే దూడ మేతకన్నట్టు, అక్కని పలకరించడానికి అని ఎవరికి చెప్పను? నీకు చెప్పాను. నువ్వు ఆ కూత విన్నావు కదా. అందుకే పొడిపొడిగా రాశావనుకుంటున్నాను. నన్ను తిట్టు. అలా మాత్రం రాయకు.

తమ్ముడు


గేటు పక్క కుట్టుకొట్టు నుంచి

ఒరేయ్ తమ్ముడూ,

నిన్ను తిట్టడానికి నాకు నోరెక్కడిది? ఆ రోజు ఆ నోట్లో గుండుసూదులున్నాయి. నీ చొక్కా జేబు గుచ్చుతున్నాను.

నీ కూత వినపడింది. బాబాయి కొట్టు ముందు ఆగాడు. "ఇవాళ తొందరగా వచ్చాడే. అమ్మాయ్, మీవాడేనా?" అన్నాడు. తొందరగా వచ్చాడని ఆయనకి తోచింది చూడు, నాకు తోచలేదు. గడియారం నా ఎదురుగానే ఉంది. తలెత్తితే చాలు. నేను ఎత్తలేదు, ఊపాను. మీవాడే, వెళ్ళు అని. ఆయన వెళ్ళాడు.

నీకు అర్థం కానిది ఇదేరా. ఆయన భయపడకుండా నడిచింది నా తల మీద నమ్మకంతో.

ఏమీ చూడలేదని విచారణలో చెప్పాను. నీకూ అదే రాశాను. నువ్వు రాసింది చదివాక ఆసుపత్రికి వెళ్ళాను. పిన్ని ఆయన్ని తిడుతోంది. "కళ్ళు నెత్తికెక్కాయా? రోజూ దాటే దారేగా? రైలు కనపడలేదా?" అని పక్క మంచాలవాళ్ళందరికీ వినపడేట్టు తిడుతోంది, ఏడుస్తోంది, ఆయన దిండు సర్దుతోంది. ఆయన తిట్లన్నీ పడుతున్నాడు. పిన్ని నీళ్ళకి వెళ్ళింది. అప్పుడు నాతో అన్నాడు:

"నీ సంగతి ఎవరికీ చెప్పలేదమ్మాయ్. చూసుకోకుండా దాటానని రాయించాను. చెబితే కుర్రాడి ఉద్యోగం ఊడుతుంది. నా కాలు ఎటూ తిరిగిరాదు కదా."

ఆయన నన్ను ఒక్క మాట అని ఉంటే బాగుండేది. కాళ్ళు పట్టుకుందామంటే ఒక కాలే ఉంది తమ్ముడూ. ఆ మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాను. పిన్ని వచ్చి నన్ను ఓదార్చింది, "నువ్వెందుకే ఏడుస్తావు" అని.

ఇక నావల్ల కాదు. నేను వెళ్ళి విచారణాధికారికి చెబుతాను. ఆయన మీద కేసు పోవాలి. గేటుకి మనిషి రావాలి. నా మాట చెబితే నీ కూత సంగతి బయటికొస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిన్ను అడగకుండా చెప్పలేను. అడిగితే నువ్వు వద్దనలేవని తెలిసి అడుగుతున్నాను. నా బుద్ధి చూడు.

అక్క


యార్డు ఆఫీసు నుంచి

అక్కా,

నీ ఉత్తరం చదవగానే నీ మీద చెడ్డ కోపం వచ్చింది. దాచడమెందుకు? గడియారం చూడకుండా ఎలా ఊపావు, అన్ని రోజులూ నాకు చెప్పకుండా ఎలా ఉన్నావు అని గదిలో నేనొక్కణ్ణే నీతో పోట్లాడాను. నా తప్పు సగం నువ్వు తీసుకుంటే బరువు తగ్గుతుందని లోపలెక్కడో సంతోషం కూడా వచ్చింది. ఆ సంతోషం చూసి నాకు నామీదే అసహ్యం వేసింది. నువ్వు తల ఊపింది నా కూతకి. కూత లేకపోతే ఊపేదానివి కాదు.

నువ్వు వెళ్ళకు. నేనే వెళ్ళాను.

విచారణాధికారి కాగితాలు సర్దుకుంటూ "అది మూసేశాం కదయ్యా, ఇప్పుడు నీకేం తక్కువైంది?" అన్నారు.

"నిద్ర తక్కువైంది సార్" అన్నాను. కూర్చోమన్నారు. అంతా చెప్పాను. కొట్టు ముందు ఆయన అడిగిందీ, నువ్వు తల ఊపిందీ కూడా చెప్పాల్సి వచ్చింది. నన్ను క్షమించు.

"ఇలా సొంత కూతలు వేసేవాళ్ళు ఇంకా ఉన్నారా?" అని అడిగారు. నేను ఆయన బల్ల మీది కాగితాలు చూస్తూ కూర్చున్నాను. అదే ఆయనకి జవాబయింది. ఒకడు పెళ్ళాం కోసం వేస్తాడు, ఒకడు బడిలో ఉన్న కూతురి కోసం. మేమంతా మంచివాళ్ళమే అక్కా, అదే వచ్చిన చిక్కు.

నన్ను ఇంజను దింపారు. మళ్ళీ ఎక్కిస్తారో లేదో తెలియదు. ప్రస్తుతం యార్డులో ఖాళీ పెట్టెల తలుపులు సరిగ్గా పడ్డాయో లేదో చూస్తున్నాను. ఎవరో ఒకరు ఇక్కడినుంచి మీ గేటు చూడ్డానికి వస్తారట. వస్తే ఉన్నదున్నట్టు చెప్పు. నన్ను కాపాడకు.

చొక్కా పంపకు. ఇక్కడ జేబులో పెట్టుకునేదేమీ లేదు.

తమ్ముడు


గేటు పక్క కుట్టుకొట్టు నుంచి

తమ్ముడూ,

ఇన్ని నెలలు రాయనందుకు కోపం తెచ్చుకోకు. ఇక్కడ ఏదైనా ఒకటి సరిగ్గా అయ్యాక రాద్దామని కాచుకున్నాను.

నువ్వు చెప్పిన అధికారి వచ్చాడు. నా కొట్లో కుట్టు బల్ల మీదే కూర్చున్నాడు. దారిన పోయేవాళ్ళని ఆపి, కూత వినపడ్డప్పుడల్లా "ఇది ఏ బండి?" అని అడిగాడు. మనవాళ్ళు పోటీలు పడి చెప్పారు. బడిపిల్ల చెప్పింది, పాలవాడు చెప్పాడు, మీ బావ అయితే డ్రైవరు లావో సన్నమో కూడా చెప్పాడు. ఒక్కటీ తప్పు పోలేదు. సరైన జవాబు వచ్చిన ప్రతిసారీ ఆయన మొహం ఇంకాస్త చిన్నదయింది. పోయేటప్పుడు "ఈ వీధిలో ఒక్కడికైనా తెలియకపోతే బాగుండేదమ్మా" అన్నాడు.

గోదాము గోడ మూల కొట్టేశారు. ఇప్పుడు బండి చాలా దూరం నుంచే కనపడుతుంది. ఎత్తీ దించే గేటు వచ్చింది, దానికో మనిషి వచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. కాని ఇక్కడ కాలింది మన చేతులు కాదు. బాబాయి మీద కేసు తీసేశారు. నీ మాటతో పాటు నా మాటా రాసుకున్నారు, వేలిముద్ర వద్దని సంతకమే చేశాను.

ఆ సాయంత్రమే పిన్నికి నేనే చెప్పాను. నా చెంప పగలగొడుతుందనుకున్నాను. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అప్పట్నుంచి నాతో మాట్లాడదు. రొట్టె అడిగితే ఇస్తుంది, మొహం చూడదు. చూడమని అడిగే మొహం నాకూ లేదు. బాబాయి మీద మాత్రం ఆవిడ కేకలు ఆగిపోయాయి. ఆయన "ఇల్లు బోసిపోయింది" అంటాడు.

ఆయన కర్రల మీద నడుస్తున్నాడు. మూడు చక్రాల బండి మీ బావ బాగుచేశాడు. ఇప్పుడు దాన్ని పిన్ని తోస్తుంది, ఆయన పక్కన నడుస్తాడు. వాళ్ళు గేటు దగ్గరికి వచ్చేసరికి ఆనాటి భయం నన్ను మళ్ళీ పట్టుకుంటుంది. అది పోదనుకుంటాను. పోకూడదు కూడా.

నిన్ను మళ్ళీ ఇంజను ఎక్కించారని, ఈ వారమే ఇటు వస్తావని మీ బావకి ఎవరో చెప్పారు. నువ్వు రాయలేదు. ఎందుకు రాయలేదో తెలుసు. రాయకు, ఎప్పుడూ రాయకు, ఏ రోజు ఏ బండో.

నిన్న సాయంత్రం కూత వినపడింది. ఒక్కటే పొడుగు కూత, ఎక్కడా తెగలేదు. గేటు దిగుతోంది. బాబాయి నా కొట్టు ముందు కర్రల మీద ఆగాడు. పిన్ని బండి పట్టుకుని నిలబడి రోడ్డు వైపు చూస్తోంది. ఆయన నా వైపు తిరిగాడు. అలవాటు కదా.

"అమ్మాయ్, మీవాడేనా?"

మిషను ఆపేశాను. లేచి గుమ్మంలోకి వచ్చాను. ఎంత చెవొగ్గినా ఆ కూతలో నువ్వున్నావో లేవో నాకు తెలియలేదు.

"ఏమో బాబాయ్, తెలియడం లేదు" అన్నాను. "ఆగుదాం."

బండి వెళ్ళేదాకా ముగ్గురం నిలబడ్డాం.

అక్క